పొలి దాటిన ఊరు

జానయ్య మడిలో వరి పాలు పోసుకుంటోంది. అట్లాంటి పైరు పక్కన గట్టిగా తుమ్మకూడదంటారు గుండ్లబావిలో, గింజ బెదిరి తాలుపోతుందట. అసలే బెదురు గింజ, అందులోకి పొద్దు పొడవగానే పొక్లెయిన్ దిగింది. ఇనుప చెయిన్ల కింద వెన్నులు నలిగి తెల్లగా పాలు కారాయి.

జానయ్య వెళ్లి యంత్రానికి అడ్డం పడుకున్నాడు. ఇద్దరు పోలీసులు కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి గట్టు మీద పడేశారు. లేచి వెళ్లి మళ్లీ పడుకున్నాడు. ఈసారి ఎత్తలేదు, కొట్టారు.

“పంట ఇంటికొచ్చెదాక ఆగున్రి సారూ! గింజ దెచ్చుకున్నంక మీ ఇష్టం!”

“మడి ఇప్పుడు సర్కారుది. సర్కారు మడిల నీ గింజేందిరా?” అన్నాడు ఎస్సై.

గట్టు మీద బీరమ్మ నిలబడి ఉంది. నిలబడి ఉందంటే ఆమె నిలబడే తీరులోనే: నడుము సగానికి వంగి, చెయ్యి మోకాలికి ఆని. ఆ నడుము దొరలకు దండాలు పెట్టి వంగింది కాదు. దొరకు ఆమె ఏనాడూ దండం పెట్టలేదు. బోరు నీళ్లు వంచాయి. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందంటే, గుండ్లబావి పిల్లలు నోరు తెరిచి నవ్వితే పసుపు పూసిన గడపలు కనిపిస్తాయి.

ఆమె చూస్తున్నది జానయ్యను కాదు. యంత్రం తొండాన్ని. తొండం మీద వెలిసిన కుంకుమ బొట్టు ఉంది. ఆ బొట్టు పెట్టింది ఆమె చెయ్యే.

ఎందుకు పెట్టిందో చెప్పాలి. చెప్పకపోతే ఎవరి మీద కోపం రావాలో వినేవాళ్లకు తెలియదు.

రాష్ట్రం కోసం కొట్లాడిన రోజుల్లో గుండ్లబావి కోళ్లు కొక్కొరొకో మానేసి జై కొట్టాయని చుట్టుపక్కల ఊళ్లలో చెప్పుకుంటారు. నమ్మనివాళ్లు వెళ్లి ఆ కోళ్లనే అడగవచ్చు. అప్పటి కోళ్లు ఇప్పుడు లేవు, అది వేరే సంగతి. పెద్దరోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజున బీరమ్మ కాచిన పప్పుచారు వాసనకు ఆగిన లారీలు భువనగిరి గుట్ట దాకా వరస కట్టాయంటారు. లారీలు ఆగింది వాసనకో, రోడ్డుకు అడ్డంగా పెట్టిన పొయ్యిరాళ్లకో, తేల్చినవాడు లేడు. ఆ రోజు లాఠీ దెబ్బకు తల పగిలిన పిల్లగాడు వీరేశం. ఆ ఊరి బిడ్డే. మండలంలో జెండా పట్టి ముందు నడిచినవాడు. బీరమ్మ కొంగు చింపి, పసుపు అద్ది, తలకు కట్టు కట్టింది.

“మన రాష్ట్రం మనకొస్తె మన నీళ్లు మనకొస్తయి అత్తా,” అన్నాడు వీరేశం ఆమె ఒళ్లో పడుకుని. “నీ నడుము సక్కగైతది.”

రాష్ట్రం వచ్చింది. నడుము సక్కగ కాలేదు. అయినా బీరమ్మ ఓపిక పట్టింది. రెండేళ్లు గడిచాక ఒకనాడు వీరేశం తెల్లచొక్కా, తెల్లకారుతో ఊళ్లోకి వచ్చాడు. పెద్ద కంట్రాక్టరు కింద మట్టిపని పట్టాడట. వెనక లారీ మీద పొక్లెయిన్. “నీళ్లొస్తున్నయి!” అని అరిచాడు. ఊరు ఊరంతా ఉరికింది. ఆడవాళ్లు బిందెలు నెత్తిన పెట్టుకుని ఎదురువచ్చారు. డప్పుల భిక్షం డప్పు కాచుకుని వచ్చాడు. చెయిన్ల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయలు కొట్టారు. పెండ్లికొడుకును చూసినట్టు యంత్రాన్ని చూశారు. బీరమ్మ మునివేళ్ల మీద లేచి, అందక, ఇద్దరు పట్టి ఎత్తితే, తొండానికి బొట్టు పెట్టింది.

రిజర్వాయర్ వస్తోందన్నారు. కట్ట ఎటు పోస్తారో ఒక్కరూ అడగలేదు. మన సర్కారును మనం అడగడమేమిటి?

కట్ట ఊరికి అవతలి దిక్కున లేచింది. కట్ట అవతల ఉంటే ఊరు ఎక్కడ ఉన్నట్టు? నీళ్లలో ఉన్నట్టు. అంతకు ముందు కొలతలవాళ్లు పాతిన ఎర్రరాళ్లు దొర బత్తాయితోటలో ఉండేవి. ఒక వారం అవి లేచి నడుచుకుంటూ గుండ్లబావి మీదికి వచ్చాయి. రాళ్లు నడుస్తాయా అంటే, దొర తోటలో రాళ్లు నడుస్తాయి. ఊరు కళ్లారా చూసింది.

మునిగే ఊరికి బదులు ఊరు ఎక్కడ కట్టిస్తారో, భూమికి బదులు భూమి ఎక్కడ ఇస్తారో చెప్పేవాడు లేడు. దీక్షకు వేసిన టెంటును పోలీసులు రెండుసార్లు పీకారు. నలుగురు కలిసి నిలబడితే కేసు అన్నారు. ఇప్పుడు జానయ్య మడిలోకి దిగారు.

ఆ సాయంత్రం పాలకేంద్రం అరుగు మీద ఊరు కూడింది. జానయ్య వీపు మీద వాతలు తేలి ఉన్నాయి. బీరమ్మ పక్కన ఇక్బాల్ బీ కూర్చుంది. ఇద్దరూ కలిసి నాట్లు వేసి, కలిసి ముసలివాళ్లయినవాళ్లు. ఇక్బాల్ బీ భర్త అబూబకర్ ఊరి పక్క ఖబరస్తాన్‌లో ఉన్నాడు.

పిలవకుండానే వీరేశం వచ్చాడు. కారు దూరంగా ఆపి నడిచి వచ్చాడు, అంత సిగ్గు మిగిలి ఉంది.

“అత్తా, జర సమజ్ చేసుకోవాలె. సర్కారు ఇంక చంటిపిల్ల. మొన్న పుట్టింది. ఇంక పండ్లు గుడ రాలేదు. ఎన్నేండ్ల కరువు ఒక్కపూటల తీరుతదా? కట్ట కింద ఎన్ని ఊర్లున్నయో ఎరుకేనా? గా ఊర్ల ఆడోళ్ల నడుములు గుడ నీ లెక్కనే వంగినయి. ఆళ్లకు నీళ్లియ్యాలంటె యాడనో ఒక కాడ నిలపాలె గద!”

అరుగు మీదివాళ్లకు అది నిజమని తెలుసు. అబద్ధమైతే తిప్పికొట్టేవారు. ఆ ఊళ్లలో ఒకదానికే బీరమ్మ చెల్లెలిని ఇచ్చారు. చెల్లెలు మంచం దిగక నాలుగేళ్లయింది. బీరమ్మ నేల చూసింది. నేల చూడటం ఆమె నడుముకు అలవాటే.

“నీళ్లు వద్దన్నోడెవడురా ఈడ?” అంది. “దొర తోట మునిగితె గా ఊర్లకు నీళ్లు పారయా? బత్తాయి చెట్లకు ఈత రాదు, మాకొస్తదా?”

“అది ఇంజినీర్లు చూసుకుంటరత్తా.”

“చూసిన్రు. ఎర్రరాళ్లు గాడనే పెట్టిన్రు. రాళ్లకు కాళ్లెట్ల మొలిచినయో చెప్పు.”

వీరేశం దూరంగా ఆపిన కారు వైపు చూశాడు.

“చంటిపిల్ల అంటివి. ఇంక పండ్లు రాలేదంటివి,” అని బీరమ్మ జానయ్య చొక్కా వెనక్కి ఎత్తింది. “మరి గిట్ల కొరికిందేందిరా?”

ఎవరో నవ్వారు. నవ్వు మధ్యలోనే తెగిపోయింది.

“మన సర్కారు మీద మనమే లేస్తె పక్కోళ్లు నవ్వుతరు,” అన్నాడు వీరేశం వెళ్లిపోతూ. “రెండు దినాలల్ల ఊరు ఖాళీ చెయ్యమన్నరు. నేను చెప్పెతందుకే వచ్చిన.”

“నవ్వనీ,” అంది ఇక్బాల్ బీ. “మునిగినంక ఏడ్చెటోళ్లు గుడ ఉండరు. మీరంత మూటలు గట్టుకొని లేచిపోతరు. మా ఆయన లేస్తడా? ఆయనకు ఈత గుడ రాదు.”

చీకటి పడకముందే అరుగు మీద నలుగురు నాలుగు మాటలన్నారు. కోర్టుకు పోదామన్నారు. మందు తాగి సచ్చి చూపిద్దామన్నాడు జానయ్య. “సస్తె ఆళ్లకు పని తక్కువైతది,” అంది ఇక్బాల్ బీ. మళ్లీ టెంటు వేద్దామన్నారు. పర్మిషన్ ఇయ్యరు.

“పండుగకు ఎవని పర్మిషన్?” అంది బీరమ్మ. “బొడ్రాయి పెడదాం.”

ఊరు పుట్టినచోట పాతే రాయి బొడ్రాయి, ఊరికి బొడ్డు. గుండ్లబావి పాత బొడ్రాయి రోడ్డు పనిలో పగిలింది. కొత్తది చెక్కించారు కానీ, దాన్ని ఎవరు ముట్టాలి, ఎవరు మోయాలి అన్న పంచాయతీ తెగక, ఏళ్లుగా గోదాములో వడ్ల బస్తాల పక్కన పడుకుని ఉంది. బొడ్రాయి పండుగంటే ఆ ఊళ్లో పుట్టిన ప్రతి ఆడబిడ్డా, ఎక్కడ ఇచ్చినా, పిల్లాజెల్లాతో రావాలి. ఊరి పొలిమేర చుట్టూ పొలి చల్లుతారు, మేకపోతు నెత్తురు కలిపిన అన్నం. పొలి పడ్డాక బయటివాడు లోపలికి రాకూడదు, లోపలివాడు బయటికి పోకూడదు. ఒక్కరు దాటినా ఊరి బలం వాళ్ల వెంట పోతుందని నమ్మకం. ఎత్తిన రాయిని పాతేచోట తప్ప నేలమీద దించకూడదు.

“గది మస్తుగుంటది,” అన్నాడు జానయ్య. “ఊరు రెండింతలైతది. లోపలికి ఎవడొస్తడో చూద్దాం.”

“జర ఆగున్రి,” అని డప్పుల భిక్షం లేచాడు. “నాకు తెల్వకడుగుత. మా తాతల కాడికెల్లి బొడ్రాయి కాడ మేము డప్పు కొట్టెదాకనే. రాయి ముట్టెటప్పుడు దూరం జరుగుమంటరు. యంత్రమొస్తె మా వాడ మొదలు కూలుతది, వాగు పక్కన గదా ఉన్నది. ఈసారి రాయి మా భుజం మీదికి ఎక్కుతదా లేదా? ఎక్కదంటె చెప్పున్రి, డప్పు ఇంట్లనే పెట్టి వస్త.”

కాపోళ్లలో ఇద్దరు ముసలివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గోదాములో రాయి ఎందుకు మూలుగుతోందో అందరికీ తెలుసు.

“ముందు భుజం నీదే,” అంది బీరమ్మ. ఆ ముసలివాళ్ల వైపు తిరిగింది. “ఎవరికన్న కష్టమైతె ఇప్పుడె చెప్పున్రి. నీళ్లల్ల మునిగినంక ఏ రాయి ఎవలు ముట్టిన్రో చేపలు అడగయి.”

ఇద్దరిలో ఒకడు గోదాము తాళంచెవి తీసి అరుగు మీద పెట్టాడు.

మూడోనాడు పొద్దుటికల్లా ఊరు నిండింది. రామన్నపేట నుంచి బీరమ్మ బిడ్డ రమ చంటిపిల్లతో వచ్చింది. భువనగిరి నుంచి, హైదరాబాదు బస్తీల నుంచి, పిలుపు అందిన ప్రతి ఆడబిడ్డా వచ్చింది. వచ్చిన చెప్పుల కుప్పను గుట్ట అనుకుని ఒక మేక ఎక్కిందని చెబుతారు. తెల్లవారుతుండగా “పొలో పొలి!” అని కేకలేస్తూ ఊరి చుట్టూ, మాదిగవాడ చుట్టూ, ఖబరస్తాన్ చుట్టూ పొలి చల్లారు. ఇంతకుముందు పొలి అంత దూరం ఎప్పుడూ తిరగలేదు.

ఎండ ఎక్కకముందే పొక్లెయిన్ వచ్చింది. వెనక పోలీసు వ్యానులు, వీరేశం కారు. పొలి గీత దగ్గర నెత్తుటి మెతుకులు చూసి యంత్రం ఆగిపోయింది.

“ఎందుకాపినవ్ పరశురాం?” అని వీరేశం కేకేశాడు.

డ్రైవరు పరశురాం కిందికి దిగాడు. పాలమూరు మనిషి, ఆత్మకూర్ దిక్కు. దేశంలో ఏ డ్యాము కట్టినా అందులో పాలమూరు చెమట ఒక తట్ట ఉంటుంది.

“పొలి దాటను సారూ. మా ఊరు కృష్ణల మునిగింది, నేను పుట్టకముందు. ఎండకాలం నీళ్లు తగ్గితె మా బొడ్రాయి బయటపడ్తది. మా నాయిన గా బురదల నడుచుకుంట పోయి పసుపు రాసి వస్తడు. ఊరు లేదు, మనుషులు లేరు, రాయికి పసుపు రాస్తడు. ఇంకో ఊరికి గా గతి నా చేత్తోని పట్టియ్య.”

వీరేశం చెంప మీద కొట్టాడు. పరశురాం చెంప తడుముకోలేదు. యంత్రమెక్కి వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు. గీతకు ఇవతల ఆడవాళ్లు కేరింతలతో ఈలలేశారు. గెలిచామనుకున్నారు.

అంత తొందరగా గెలిస్తే ఇది కథ కాకపోవును. వీరేశం ఫోను తీసి వేరే పనుల మీదున్న యంత్రాలను పిలిచాడు. ఎస్సై పొలిని బూటుతో తొక్కి లోపలికి వచ్చి, నేరుగా బీరమ్మ రెక్క పట్టుకున్నాడు.

“గీ ముసల్దే అన్నిటికి మూలం. తీసుకపోన్రి, బైండోవర్ జెయ్యాలె.”

ఆమెను ఎత్తడం కష్టం కాలేదు. వంగిన మనిషి మూటలాగే ఉంటుంది. పొలి దాటించి వ్యానులో పడేశారు. భిక్షం డప్పు ఆగిపోయింది. జాలీ సందులోంచి బీరమ్మకు కనిపించింది ఇదే: ఊరంతా నోరు తెరిచి, తన వైపు కాదు, తాను దాటిన గీత వైపు చూస్తోంది.

మండలాఫీసు రెండు గుట్టల అవతల. వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. ఇకమీద ఏ లొల్లిలోనూ ఉండనని వేలిముద్ర వెయ్యమన్నాడు తాసిల్దారు. మనిషి చెడ్డవాడు కాదు, అలసిపోయినవాడు.

“వెయ్యమ్మా. ఇంటికి పోతవు.”

“ఏ ఇంటికి సారూ?”

“నీ ఇంటికే.”

“గది రాసియ్యి. నా ఇల్లు నాకే ఉంటదని నువ్వు వేలు పెట్టు. పక్కన నేను పెడ్త.”

తాసిల్దారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. జవాబు లేనప్పుడు చదువుకున్నవాళ్లు కళ్లద్దాలు తుడుస్తారు.

ఎండ నెత్తికెక్కింది. అప్పుడు దూరంగా డప్పు వినిపించింది. బీరమ్మ తల ఎత్తింది. గుట్ట మలుపులో ముందు భిక్షం భుజం కనిపించింది, దాని మీద రాయి. రెండో పక్క దూదేకుల నూరుద్దీన్ భుజం. వెనక ఊరు. చంకల్లో పిల్లలతో ఆడబిడ్డలు, ముసలివాళ్లు, ఆడమగా, చివరికి మేకలు. బలం దాటిపోయిందని ఊరు ఇంట్లో కూర్చోలేదు. బలం ఎటు పోతే ఊరూ అటే పోవాలని బయలుదేరింది. పోలీసులంతా యంత్రాల కాపలాకు పోయారు, గేటు దగ్గర ఇద్దరే ఉన్నారు. ఆ ఇద్దరూ పక్కకు తప్పుకున్నారు.

ఇక్బాల్ బీ వరండా మెట్టు మీద కూలబడింది. ఆయాసం.

“అందరొచ్చిన్రా?” అంది బీరమ్మ.

“అందరొచ్చినం.”

“ఊర్లె ఎవరున్నరు?”

ఇక్బాల్ బీ చెయ్యెత్తి గుట్టల వెనక్కి చూపించింది. అక్కడ ఎర్రటి దుమ్ము లేస్తోంది. వర్షపు మబ్బు అంత పెద్దది. యంత్రాలు వచ్చేసరికి ఊళ్లో అడ్డుకునేవాళ్లు లేరు. కోడి కూడా లేదు.

బీరమ్మకు తన ఇల్లు కనిపించింది. పొయ్యి వెనక మసిపట్టిన గోడ, ఆ గోడ గూట్లో దువ్వెన. దువ్వెన తెచ్చుకోలేదే అనిపించింది. ఇల్లు పోయిందని కాదు, దువ్వెన పోయిందని ఏడుపు వచ్చింది. తన వెంట రాకపోతే ఊరు నిలిచేదా? నిలవదు. ఇవాళ కాకపోతే రేపు. అయినా ఆ దుమ్ము కళ్లలోంచి పోవడం లేదు. జనం వెనక్కి తిరిగి చూసి గుండెలు బాదుకుంటున్నారు. రమ పిల్లను కరుచుకుని నేల మీద కూర్చుంది. జానయ్య గేటు ఊచకు తల కొట్టుకుంటున్నాడు.

“మోసపోయినం! మన కాళ్లతోనే నడిచొచ్చి మోసపోయినం!”

“ఏయ్, ఏడుపులు తర్వాత!” భిక్షం గొంతు పగిలింది. “భుజం ఇరుగుతాంది. రాయి యాడ దించాలె? దించకపోతె మేము సస్తం. ఊకె దించితె ఊరు సస్తది. చెప్పున్రి!”

ఏడుపు ఆగింది. అందరూ బీరమ్మను చూశారు.

ఆమె బల్ల దిగింది. వరండా దిగింది. ఆవరణ మధ్యలోకి, తాసిల్దారు కారు పెట్టుకునే చోటికి నడిచి, చేతిని మోకాలి మీంచి తీసి నేలకు ఆనించింది.

“ఈడ. రాయి యాడుంటె ఊరు ఆడ.”

మొరం నేల. గడ్డపారలు లేవు. ఆడవాళ్లు గోళ్లతో గీరారు, జానయ్య గేటు గడియ పీకి పొడిచాడు. జానెడు కూడా తెగలేదు. రాయి నూరుద్దీన్ వైపు ఒరిగింది. ఇంకొందరు భుజాలు ఆనించారు. రాయి ఎవరు ముట్టాలన్న పంచాయతీ ఇంతకాలం నడిపిన ఇద్దరు ముసలివాళ్లూ ఆ రాయి కిందే ఉన్నారు.

అప్పుడు తారురోడ్డు పగిలే చప్పుడైంది. పొక్లెయిన్. తొండం మీద వెలిసిన బొట్టు. జనం చెదిరి రాళ్లు అందుకున్నారు.

“కొట్టకున్రి! పరశురాం!” అని అరిచింది బీరమ్మ.

పరశురాం గేటు దగ్గర ఆగలేదు, గేటే పక్కకు పడిపోయింది. తొండం లేచి, దిగి, మొరంలోకి ఒక్క పోటు పొడిచింది. ఒక్కటే. బొడ్రాయి పట్టేంత గుంత. ఇంజన్ ఆపి కిందికి దిగాడు. భిక్షం, నూరుద్దీన్ రాయి దించారు. పిల్లలు కూడా పిడికెళ్లతో మన్ను పోశారు.

ఎస్సై జీపు వచ్చింది. ముందు పరశురాం చేతులకే బేడీలు పడ్డాయి. యంత్రం దొంగిలించాడని, సర్కారు గేటు కూల్చాడని.

“ఆగు సారూ, ఒక్క నిమిషం,” అంది బీరమ్మ. రాయి మీది తడి కుంకుమ వేలికి అద్దుకుంది. పరశురాం మోకాళ్ల మీద వంగాడు, ఈసారి ఆమెను ఎవరూ ఎత్తవలసిన పని లేకుండా. “అప్పుడు ఇనుముకు పెట్టిన. తప్పైంది. ఇప్పుడు మనిషికి పెడుతున్న.”

“ఏడువకు అవ్వా,” అన్నాడు పరశురాం. “మా నాయినకు చెప్పి పంపున్రి, చాలు. గుంత తవ్విన్నని.”

జీపు వెంట ఎవరూ పరుగెత్తలేదు. ఇక్బాల్ బీ కొంగులో మిగిలిన పొలి మెతుకులు విప్పింది. ఊరు ఆఫీసు చుట్టూ, పరశురాంను పెట్టిన పక్క ఠాణా చుట్టూ తిరిగింది. “పొలో పొలి!” గొంతులు బొంగురుపోయి ఉన్నాయి, అయినా కేక గుట్టలకు తగిలింది. గుట్టల వెనక దుమ్ము ఇంకా లేస్తూనే ఉంది. రమ మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించింది. ఎసరు పెట్టింది.

తాసిల్దారు కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

“ఏందమ్మా ఇది? లోపలున్నోళ్లం బయటికి రావద్దా? నేను ఇంటికి పోవద్దా?”

బీరమ్మ రాయికి వీపు ఆనించి కూర్చుంది.

“మేము గుడ గదే అడుగుతున్నం సారూ,” అంది.